ఎవరు ఏ గుమ్మం నుండి వస్తున్నారు?

(బాగన్ దాతుక్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలూ, కోలాటమూ సాగే ఈ సభలో లెక్కల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా ఉండాలి గదా! ఆ వంతు మేము తీసుకున్నాము. మాట్లాడేది పద్దుల లెక్క కాదు, చందాల లెక్క కాదు. మన సంఘాలు నడుపుకొనే వెబ్‌సైటులకు గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చేవారి లెక్క. ఆ లెక్కను ఎట్లా చూడాలి, ఎట్లా చూడకూడదు అన్నదే నేటి విషయం.

మనం మూడవ తరం, నాలుగవ తరం వాళ్ళం. మన తాతలు విశాఖ, శ్రీకాకుళం, గోదావరి సీమల నుండి ఓడలెక్కి వచ్చి ఈ పేరా నది ఒడ్డున కొబ్బరితోటలలో కుదురుకున్నారు. తోటలలో తెలుగు బడులు నడిచిన కాలమూ ఉంది. 1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టింది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు మన కౌలాలంపూరులోనే జరిగాయి. ఆ రోజుల్లో తెలుగు నేర్చుకోవాలంటే బడికో, గుడికో, పెద్దల ఇంటికో వెళ్ళేవాళ్ళం. నేటి పిల్లవాడు ముందుగా ఫోను తీస్తాడు. "తెలుగులో అమ్మమ్మను ఏమని పిలవాలి" అనో, "ఉగాది ఏ తేదీ" అనో ఇంగ్లీషు అక్షరాలలో కొడతాడు. అతడికి ఆ క్షణాన ఎవరు తలుపు తెరిస్తే వారే అతడి తెలుగు గురువు.

అందుచేత వెబ్‌సైటులో పండుగల పేజీలు, పాఠాల పేజీలు, కుటుంబ చరిత్రల పేజీలు, సభల ప్రకటనలు పెడుతున్నాము. మంచిదే. కాని కార్యవర్గ సమావేశంలో వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఈ నెల ఎంతమంది చూశారు?" ఎవరో ఒక అంకె చెబుతారు. అంకె పెద్దదైతే చప్పట్లు. చిన్నదైతే, "పాఠాలు ఎవరూ చూడటం లేదు, తీసేద్దాం" అనే మాట. ఆ మాటే మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది.

మేము బడిపంతుళ్ళం గనుక బడి ఉపమానమే చెబుతాము. హెడ్‌మాస్టరు బడిలో మొత్తం 60 మంది ఉన్నారని చెబితే బడి బాగున్నట్టే తోస్తుంది. తరగతుల వారీగా రిజిస్టరు తెరిస్తే ఆరవ తరగతిలో 18 మంది, ఒకటవ తరగతిలో ముగ్గురు. మొత్తం చూసినవాడికి దిగులు లేదు, ఒకటవ తరగతి చూసినవాడికి నిద్ర పట్టదు. తోటబడులు ఒక్కొక్కటే మూతపడటం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. వెబ్‌సైటుకు కూడా తరగతుల రిజిస్టరు కావాలి. పేజీలను రకాలుగా విడదీసి, ఏ రకానికి ఎంతమంది వెతుక్కుంటూ వచ్చారో వేరువేరుగా వ్రాసుకోవాలి.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఇవి నేర్చుకోవడానికి కల్పించుకున్న అంకెలు. ఉగాది వచ్చిన నెలలో పండుగల పేజీలకు 600 మంది, పాఠాలకు 90, కుటుంబ చరిత్రలకు 30, ప్రకటనలకు 80, మొత్తం 800. మరుసటి నెల పండుగలకు 60, పాఠాలకు 120, చరిత్రలకు 40, ప్రకటనలకు 30, మొత్తం 250. మొత్తం మాత్రమే విన్నవారు నెత్తిన చేయి పెట్టుకుంటారు. కాని రకాలు చూడండి. పాఠాలు పెరిగాయి, చరిత్రలూ పెరిగాయి. తగ్గినవి పండుగ అయిపోయాక తగ్గవలసినవే. సంతోషించవలసిన నెలలో మనం పాఠాలు తీసేయాలని తీర్మానం చేసి ఉండేవాళ్ళం!

ఈ లెక్క ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. డబ్బు ఖర్చు లేకుండా రెండు పుస్తకాలు దొరుకుతున్నాయి. ఒకటి గూగుల్ అనలిటిక్స్. ఇది 2005లో మొదలైంది. పాత పద్ధతి 2023 జూలైలో ఆగిపోయి, ఇప్పుడు కొత్త పద్ధతి నడుస్తున్నది. వచ్చినవారు వెతుకులాట ద్వారా వచ్చారా, ఫేస్‌బుక్ నుండి వచ్చారా, నేరుగా వచ్చారా, మొదట ఏ పేజీలో అడుగుపెట్టారు అన్నది ఇందులో తెలుస్తుంది. రెండవది గూగుల్ సెర్చ్ కన్సోల్. 2015 వరకు దీనికి వెబ్‌మాస్టర్ టూల్స్ అని పేరు. గూగుల్ జాబితాలో మన పేజీ ఎన్నిసార్లు కనబడింది, ఎందరు నొక్కి లోపలికి వచ్చారు, ఏ మాటలు కొట్టి వెతికారు అన్నది ఇందులో ఉంటుంది.

ఒకప్పుడు వెతికిన మాటలు మొదటి పుస్తకంలోనే కనబడేవి. 2011 నుండి గూగుల్ వాటిని దాచడం మొదలుపెట్టింది. రెండవ పుస్తకంలో కూడా చాలా అరుదుగా వచ్చే ప్రశ్నలను, అడిగినవారి గుట్టు కాపాడటానికి, చూపదు. మన ప్రశ్నలు చాలావరకు అరుదైనవే గదా! అందుకే పేజీ రకం ముఖ్యమైంది. మాట తెలియకపోయినా, మనిషి ఏ గుమ్మం ఎక్కాడో తెలిస్తే ఏమి కోరి వచ్చాడో ఊహించవచ్చు. పాఠాల గుమ్మం ఎక్కినవాడు పాయసం కోసం రాలేదు.

రెండు పుస్తకాల అంకెలు ఒకదానితో ఒకటి సరిపోవు. కోశాధికారిగారు కంగారు పడకూడదు. ఒకటి గూగుల్ వాకిట్లో నొక్కినవాటిని లెక్కిస్తుంది, ఇంకొకటి మన ఇంట్లోకి వచ్చినవారిని లెక్కిస్తుంది. కొందరి ఫోనులు ఆ లెక్కను అడ్డుకుంటాయి కూడా. ఏ పుస్తకాన్ని ఆ పుస్తకంతోనే పోల్చుకోవాలి.

విడదీయడం కష్టం కాదు. పేజీలు పెట్టేటప్పుడే పాఠాలన్నీ ఒక అర క్రింద, పండుగలన్నీ ఒక అర క్రింద, చరిత్రలు వేరొక అర క్రింద పెట్టి, ఆ అర పేరు పేజీ చిరునామాలోనే వచ్చేటట్టు చూడాలి. అప్పుడు ఆ పేరుతో వడగడితే ఆ రకం లెక్క అంతా ఒక్కసారి బయటికి వస్తుంది. అన్నీ ఒకే గంపలో పోస్తే తరువాత ఒక్కొక్కటే ఏరుకోవాలి. తోటలో కాయల సంగతీ అంతే. పచ్చికాయ, ఎండుకాయ, విత్తనపు కాయ ముందే వేరు చేస్తారు గాని, లారీ ఎక్కించాక కాదు.

రకాలుగా విడదీసిన తరువాత అంకెలు మనతో మాట్లాడతాయి. మూడు సంగతులు చెబుతాము.

మొదటిది: జాబితాలో చాలాసార్లు కనబడి, నొక్కినవారు తక్కువైతే పేజీ పేరులో లోపముందేమో చూడాలి. అక్షరమాల పాఠానికి తెలుగు లిపిలో మాత్రమే పేరు పెడితే, తెలుగు చదవడం రాని పిల్లవాడు దానిని ఎట్లా గుర్తుపడతాడు? నేర్చుకోవడానికి వచ్చినవాడిని, నేర్చుకున్నాకే లోపలికి రమ్మన్నట్టుంటుంది. తెలుగు పేరు ప్రక్కనే ఇంగ్లీషు లిపిలోనూ, మలాయిలోనూ పేరు ఉండాలి.

రెండవది: జాబితాలో అసలు కనబడకపోతే, వెతికేవాడి మాట మన పేజీలో లేదేమో చూడాలి. ఈ ఊరి పేరే తీసుకోండి. ఇప్పుడు బాగన్ దాతుక్, 2017 నుండి జిల్లా కూడా. పాత కాగితాలలో బాగన్ దాతో. ప్రక్క పట్టణం 1982 వరకు తెలుక్ ఆన్సన్, ఇప్పుడు తెలుక్ ఇంతాన్. తాతగారి కాగితంలో విజగపటం, నేటి పటంలో విశాఖపట్నం. ఆ కాగితం పట్టుకొని తాతగారి ఊరు వెతికే మనుమరాలు పాత పేరే కొడుతుంది. మన పేజీలో కొత్త పేరు మాత్రమే ఉంటే ఆమె మన గుమ్మం ముందు నుండే వెళ్ళిపోతుంది. అందుచేత రెండు పేర్లూ వ్రాయాలి. అట్లాగే పాత సంచికలను ఫోటో తీసి బొమ్మలుగా పెడితే చాలదు. అందులోని అక్షరాలు వెతికే యంత్రానికి సరిగా అందవు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మన పిల్లలు కొన్ని పుటలైనా టైపు చేసి పెడితే, టైపు చేయడం నేర్చినట్టూ అవుతుంది, తాతల మాట నిలిచినట్టూ అవుతుంది.

మూడవది: వచ్చినవారు వెంటనే వెళ్ళిపోతే అది మంచా చెడా అన్నది పేజీ రకాన్ని బట్టి చెప్పాలి. ఉగాది తేదీ కోసం వచ్చినవాడు అర నిమిషంలో తేదీ చూసుకొని వెళితే ఆ పేజీ పని చేసినట్టే. మొదటి పాఠానికి వచ్చినవాడు రెండవ పాఠానికి పోకుండా వెళితే, ముందు రెండవ పాఠానికి దారి చూపామా అని మనల్ని మనం అడగాలి. కుటుంబ చరిత్ర పేజీకి నెలకు ఒక్కరే వచ్చినా తక్కువ కాదు. ఆ ఒక్కరు తప్పిపోయిన బంధువు కావచ్చు.

నెలకు నెల పోల్చడంలో కూడా జాగ్రత్త అవసరం. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. 2023 మార్చిని 2024 మార్చితో పోల్చితే పండుగ పేజీలు పడిపోయినట్టు కనబడుతుంది. పడిపోయినది ఏమీ లేదు, పండుగ ఏప్రిల్‌కు జరిగింది. పండుగకు ముందు రెండు వారాలను, మరుసటి ఏడు పండుగకు ముందు రెండు వారాలతో పోల్చాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క మాత్రమే ఉంచుతుంది. ఆ పైన పాతది చెరిగిపోతుంది. అందుచేత నెలకొకసారి ఆ అంకెలు నోటుపుస్తకంలో ఎక్కించుకోవాలి. పూర్వం తోటలో కిరాణి చెక్‌రోలు వ్రాసినట్లు, మన సంఘంలో ఒకరు ఈ పుస్తకం వ్రాయాలి.

పిల్లలకు అభ్యాసం కావాలంటే తెలుగు వికీపీడియా ఉంది. అది 2003 డిసెంబరులో మొదలైంది. ఏ వ్యాసాన్ని ఏ రోజున ఎన్నిసార్లు చూశారన్న లెక్క 2015 జూలై నుండి అందరికీ తెరిచి ఉంది. మనుషులు చూసినవి, యంత్రాలు చూసినవి వేరు చేసి కూడా చూపుతుంది. "ఉగాది" వ్యాసం లెక్కను, "గుణింతం" వ్యాసం లెక్కను ప్రక్కప్రక్కన గీయించండి. ఏది పండుగకు ఎగసి పడుతుందో, ఏది ఏడాది పొడవునా నడుస్తుందో వాళ్ళే కనిపెడతారు.

మనం లెక్కిస్తున్నది రాకపోకలను. ఇంటి గుట్టు కోసం కాదు. ఏ పిల్లవాడు ఏమి చదివాడో పేరుపేరునా తెలుసుకోవలసిన పని సంఘానికి లేదు. లెక్క పెడుతున్నామన్న మాట వెబ్‌సైటులోనే వ్రాసి ఉంచడం మర్యాద.

పెద్దలకు మా మనవి ఇది. "ఎంతమంది" అని అడిగే ముందు "ఏ పేజీలకు" అని అడగండి. పాఠాల పేజీలకు వచ్చేవారు తక్కువ అని వినగానే వాటిని తీయకండి. పేరు మార్చి, దారి చూపి, ఒక ఏడాది ఆగి చూడండి. పండుగ పేజీకి వచ్చిన వందల మందికి అక్కడే "మొదటి పాఠం ఇక్కడ" అని ఒక గుమ్మం తెరవండి. అందులో పదిమంది అడుగు పెడితే, మా సాయంకాలపు తరగతిలో పది కుర్చీలు వేయడానికి మేము సిద్ధంగా ఉన్నాము. నోటుపుస్తకం వ్రాయడానికి మా పెద్ద తరగతి పిల్లలలో ఇద్దరిని ఇస్తాము. కార్యవర్గం వారు వచ్చే సమావేశంలోనే ఆ పని వారికి అప్పగించాలని కోరుతున్నాము.