కన్నులకు అందినది చెవులకును అందవలెను



ఒక కార్యాలయమున బదిలీల ఉత్తరువు వెలువడినదని భావింపుడు. గుమాస్తా దానిని స్కాన్ చేసి అందరికిని ఈ-మెయిల్‌లో పంపినాడు. చూపుగలవారు చదువుకొనిరి. అంధుడైన ఉద్యోగియు తెరచినాడు. కాని తెరమీది అక్షరములను పైకి చదివి వినిపించు స్క్రీన్ రీడర్ మౌనము వహించినది. ఏలనన, అందులో ఉన్నవి అక్షరములు కావు, అక్షరముల ఛాయాచిత్రము. తన బదిలీ సంగతి తెలిసికొనుటకు ఆతడు పక్కబల్ల వారిని అర్థింపవలసి వచ్చినది. లోపము ఆతని కన్నులదా, ఆ పత్రముదా?

డిజిటల్ ప్రాప్యత అనునది ఈ ప్రశ్నతోనే ఆరంభమగును. వైకల్యము దేహమునందే లేదు. దేహమునకును లోకపుటేర్పాట్లకును గల పొందికలేమియందును ఉన్నది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక ఈ భావమునే అంగీకరించినది.

వెబ్ ప్రమాణములను నిర్ణయించు సంస్థ 2008లో ప్రకటించిన నియమావళి నాలుగు సూత్రములపై నిలిచినది. మొదటిది, విషయము ఏదో ఒక ఇంద్రియమునకు గోచరింపవలెను: బొమ్మకు మాటలలో వివరణ, వీడియోలోని సంభాషణకు అక్షరరూపము ఉండవలెను. రెండవది, మౌస్ పట్టలేనివారు కీబోర్డుతోనే పని నడుపుకొనగలుగవలెను. మూడవది, భాషయు అమరికయు సుబోధముగా ఉండవలెను. నాలుగవది, వివిధ సాధనములు దానిని సరిగా గ్రహింపగలుగవలెను.

ఈ నాలుగవ సూత్రము తెలుగువారికి ప్రత్యేకముగా వర్తించును. యూనికోడ్‌కు చెందని పాత ఫాంట్లలో, లోపల రోమన్ సంకేతములుండగా పైకి మాత్రము తెలుగు రూపు కనిపించును. కన్నులకది తెలుగే, స్క్రీన్ రీడర్‌కు అర్థములేని అక్షరముల పోగు. బొమ్మలనుండి అక్షరములను పోల్చు సాధనములున్నను, ముద్రలు పడిన పుటలలో వానికి తప్పులు దొర్లుచుండును.

ఇది దయకు సంబంధించిన విషయము కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము దీనిని బాధ్యతగా విధించినది. ఖాతాదారుల గుర్తింపునకై కెమెరా ఎదుట కనురెప్పలార్పుమను నియమము, ఆసిడ్ దాడిలో కన్నులు దెబ్బతిన్నవారికి అడ్డుగోడ అయినది. ఆ వ్యాజ్యమున 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ ప్రాప్యత రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కునందు అంతర్భాగమని తీర్పు చెప్పినది.

కట్టిన యింటికి పిదప మెట్లు మార్చుట కష్టము. కట్టునప్పుడే వాలుదారి వేయుట సులభము. పత్రమును యూనికోడ్‌లో వ్రాసి, శీర్షికలను శీర్షికలుగా గుర్తించి, అక్షరములు చెడకుండ పంపుటకు పట్టు శ్రమ స్వల్పము. దాని ఫలమో, ఒక ఉద్యోగి తన ఉత్తరువును, తన జీతపు లెక్కను, ఒకరిని అడుగకుండ తానే తెలిసికొనుట. ఆ స్వాతంత్ర్యమును ఇచ్చుటయో, తీసివేయుటయో పత్రము వ్రాయువారి చేతిలోనే ఉన్నది.