పాత కంప్యూటర్ కొన్నాం, కాగితం అడగలేదు

(పొదుపు సంఘాల సమావేశంలో ఒక సభ్యురాలు చెప్పిన మాటలు)



నేనూ మీలాంటిదాన్నే. పెళ్లయి, పిల్లలు పుట్టాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు మా సంఘం లెక్కలు నేనే రాస్తాను. ఈ రోజు మీకు మేం చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. మీరు ఆ తప్పు చేయకూడదు. అందుకే చెప్తున్నాను.

మా సంఘంలో 12 మందిమి. బడి పిల్లలకు యూనిఫారాలు కుడతాం. ఎవరు ఎన్ని జతలు కుట్టారు? ఎవరికి ఎంత ఇవ్వాలి? ఈ లెక్క పెద్దదైపోయింది. సరే, ఒక కంప్యూటర్ కొందాం అనుకున్నాం. కొత్తది కొనే డబ్బు లేదు. పట్నం పోయి 8,000 రూపాయలకు పాతది కొన్నాం.

"విండోస్ కూడా వేసిచ్చానమ్మా. దానికి డబ్బులేం వద్దు" అన్నాడు కొట్టాయన. మేం సంతోషపడ్డాం. బిల్లు కూడా అడగలేదు.

కొన్నాళ్లకు తెర మీద కింది మూలన మసగ్గా ఏవో అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు. పని జరుగుతోంది కదా అని పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున చూస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. మూడు నెలల లెక్క పోయింది.

ఇక చూడండి గొడవ! "నేను నలభై జతలు కుట్టాను" అంది ఒక అక్క. "ముప్పయ్యే" అంది ఇంకో వదిన. ఏళ్ల తరబడి ఒక కంచంలో తిన్నవాళ్లం. ఒక్క రోజులో మాటలు మానుకున్నాం. చివరికి మమ్మల్ని కాపాడింది ఒక పాత నోటుబుక్కు. ఎవరు ఎన్ని బొత్తాలు తీసుకెళ్లారో అందులో రాసుంది. బొత్తాలు లెక్కపెట్టి, జతలు లెక్కకట్టి, డబ్బు పంచుకున్నాం.

తర్వాత మా ఊరి టీచరమ్మ కంప్యూటర్ చూసింది. "ఇది దొంగ విండోస్. లైసెన్సు లేదు. ఇట్లాంటివి వేసేటప్పుడు దొంగ తాళంతో తెరుస్తారు. ఆ తాళంలోనే వైరస్ దాగి ఉండొచ్చు" అంది. ఆమె దగ్గర నేను నేర్చుకున్నవే ఇప్పుడు మీకు చెప్తాను.

కంప్యూటర్ అంటే ఉత్త డబ్బా. దాన్ని నడిపించే ప్రోగ్రాం ఒకటి లోపల ఉండాలి. దాన్నే ఆపరేటింగ్ సిస్టం అంటారు. మన చేతిలోని సెల్‌ఫోన్‌లో కూడా ఒకటుంది. చాలా ఫోన్లలో ఉండేది ఆండ్రాయిడ్. కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది విండోస్. ఇంకొకటి లినక్స్.

మరి లైసెన్సు అంటే ఏమిటి? ఆ ప్రోగ్రామును ఎట్లా వాడుకోవచ్చో చెప్పే ఒప్పందం. విండోస్ మైక్రోసాఫ్ట్ కంపెనీది. మనం డబ్బు కట్టినా విండోస్ మన సొంతం కాదు. వాడుకునే హక్కు మాత్రమే వస్తుంది. ఇల్లు అద్దెకు తీసుకున్నట్టు అనుకోండి.

విండోస్ లైసెన్సు ముఖ్యంగా రెండు రకాలు. కంప్యూటర్ కొత్తగా అమ్మినప్పుడే దాంతో పాటు వచ్చేది ఒకటి. అది ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. యంత్రం చేతులు మారితే లైసెన్సు కూడా దాంతోనే పోతుంది. విడదీసి ఇంకో యంత్రంలో వేయకూడదు. రెండోది విడిగా కొన్నది. దాన్ని ఇంకో యంత్రానికి మార్చుకోవచ్చు. కానీ ముందు పాత యంత్రంలోంచి తీసేయాలి.

అంటే పాత కంప్యూటర్‌కు అసలైన లైసెన్సు ఉండవచ్చు. అడిగి చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ అనే చోట తెలుస్తుంది. అయితే అదొక్కటే నమ్మకండి. దొంగ తాళం వేసినా అక్కడ బాగున్నట్టే చూపించవచ్చు. అందుకే బిల్లు మీద రాయించుకోవాలి.

ఇంకో సంగతి. విండోస్ 10కి కంపెనీ ఉచితంగా ఇచ్చే మామూలు రక్షణ మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే 4 జీబీ ర్యామ్ కావాలి. టీపీఎం 2.0 అనే చిప్పు కూడా ఉండాలి. 2018కి ముందు నాటి యంత్రాలు చాలా వరకు దానికి పనికిరావు.

దొంగ కాపీ వాడితే ఏమవుతుంది? మనకు 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. 1994లో దాన్ని సవరించి 63బి సెక్షన్ చేర్చారు. దొంగదని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు. 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారంలో వాడకపోతే కోర్టు జైలు వేయకుండా జరిమానాతో వదలవచ్చు. కానీ మనం కుట్టేది డబ్బు కోసమే కదా!

మరి డబ్బు లేనివాళ్లకు దారి లేదా? ఉంది. అదే లినక్స్. 1991లో ఫిన్లాండ్ దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. తర్వాత ఎన్నో దేశాలవాళ్లు చేయి వేశారు. దానికీ లైసెన్సు ఉంది. పేరు జీపీఎల్. అందులో ఏముందో తెలుసా? వాడుకోవచ్చు. ఎట్లా తయారైందో చూసి మార్చుకోవచ్చు. పక్కవాళ్లకూ ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు మాత్రం ఈ హక్కులన్నీ వాళ్లకూ ఇవ్వాలి.

మనం పొరుగింటికి పెరుగు తోడు ఇస్తాం. మన పెరుగు తరిగిపోతుందా? వాళ్లు తోడుపెట్టుకుని ఇంకొకరికి ఇస్తారు. ఇదీ అంతే.

కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ 'బాస్' అనే లినక్స్ తయారుచేసింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో కనిపించే లినక్స్ చేశారు.

మేం లినక్స్ మింట్ అనేది వేయించుకున్నాం. దానికి 2 జీబీ ర్యామ్ చాలు. 4 ఉంటే హాయిగా నడుస్తుంది. లెక్కలకు లిబ్రె ఆఫీసు ఉంది. తెలుగులో టైపు చేసుకోవచ్చు.

ఇబ్బందులు లేవా? ఉన్నాయి. ట్యాలీ లాంటి ప్రోగ్రాములు విండోస్ కోసం చేసినవి. కొన్ని ప్రింటర్లు లినక్స్‌తో సరిగా పనిచేయవు. అందుకే ముందు మీ పని ఏమిటో చూసుకోండి. విండోస్ తప్పనిసరి అయితే అసలైన లైసెన్సు కొనండి. దానికి డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

గేదెను కొనేటప్పుడు పాలు పిండి చూడకుండా కొంటామా? లినక్స్‌ను కూడా పెన్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో ఏమీ చెరపకుండా నడిపి చూడవచ్చు. ప్రింటర్ తగిలించి చూడండి. నచ్చితేనే వేయించుకోండి.

ఈ నాలుగు మాటలు మరిచిపోకండి:

1. కొనేముందు ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏ లైసెన్సు అని అడగాలి.
2. ఆ రెండూ బిల్లు మీద రాయించుకోవాలి.
3. తెర మీద వచ్చిన అక్షరాలు చదవాలి. అర్థం కాకపోతే చదివించుకోవాలి.
4. లెక్కలు వారం వారం పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. నోటుబుక్కులోనూ రాయాలి.

అక్కల్లారా, ఒకప్పుడు మనం ఏం రాసుందో తెలీకుండా కాగితాల మీద వేలిముద్ర వేశాం. భూములు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అప్పుల్లో మునిగినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు తెర మీద 'ఒప్పుకుంటున్నాను' అని ఒక గడి వస్తుంది. చదవకుండా దాన్ని నొక్కితే అదీ వేలిముద్రే. మనం చదువు నేర్చుకున్నది మళ్లీ వేలిముద్ర వేయడానికి కాదు.

ఆ బొత్తాల నోటుబుక్కు ఇంకా మా సంఘంలో ఉంది. కంప్యూటర్ పక్కనే పెట్టుకున్నాం.