రాత్రివేళ కాళ్ళు నిలవకపోతే: మందుల సంగతి
(కొల్లేటికోట సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏలూరు నుంచీ, తాడేపల్లిగూడెం నుంచీ బస్సుల్లో వచ్చి, పెద్దింట్లమ్మ దర్శనం చేసుకుని కూర్చున్నాం. నేను మందుల కిటికీ దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన ఫార్మసిస్టును, డాక్టరును కాను. మాత్రల గురించి తెలిసింది చెబుతాను. మార్పులు మాత్రం మీ డాక్టరుగారే చేయాలి.

పడుకోగానే కాళ్ళలో ఏదో పాకినట్టు, లోపల్నుంచి లాగినట్టు ఉంటుంది. కదపకుండా ఉండలేరు. లేచి నడిస్తే తగ్గుతుంది, మళ్ళీ పడుకుంటే మొదలు. పిక్క పట్టేయడం వేరు, షుగరు వల్ల వచ్చే అరికాళ్ళ మంట వేరు. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. ఇంట్లోవాళ్ళు చాదస్తం అంటారనుకోండి, అది వేరే సంగతి! 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని వర్ణించాడు.

దీనికి పార్కిన్సన్స్ జబ్బుకిచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ మాత్రలు చాలాకాలం ముందు వరుసలో ఉండేవి. అమెరికాలో 2005, 2006 సంవత్సరాల్లో వీటిని ఈ బాధకూ అనుమతించారు. మొదటి రోజుల్లో బాగా పనిచేస్తాయి. చిక్కల్లా తర్వాతే. మన సభ్యుల్లో ఒక పెద్దాయనకు రాత్రి పదింటికి వచ్చే బాధ కొన్నేళ్ళకు మధ్యాహ్నమే రాసాగింది, చేతులకూ పాకింది. జబ్బు ముదిరిందని మోతాదు పెంచుతూ పోయారు. నిజానికి ఆ మాత్రే జబ్బును ముదిరిస్తూ ఉండవచ్చు. సంక్రాంతి పందేల వైపు కూడా చూడని మనిషికి ఈ మాత్రలతో పేకాట పిచ్చి, కొనుగోళ్ళ పిచ్చి పట్టడమూ ఉంది. ఇంట్లోవాళ్ళు గమనించాలి. అలాగని ఒక్కసారిగా మానేయకండి, బాధ రెట్టింపవుతుంది. డాక్టరు చేత మెల్లగా తగ్గించుకోవాలి.

అందుకే 2025లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ ఆ మాత్రలను మామూలుగా వాడవద్దని, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి వాడమని సూచించింది. వీటితో మత్తు, కళ్ళు తిరగడం, పాదాల వాపు రావచ్చు. రాత్రి బాత్‌రూముకు లేచేవారు దీపం వేసుకుని లేవండి. కిడ్నీ జబ్బున్నవారికి మోతాదు తగ్గించాలి. నిద్రమాత్రలతో, మద్యంతో కలిపితే ఊపిరికే ప్రమాదం.

ఇవన్నీ ఎత్తుకోకముందే చేయించాల్సింది ఫెరిటిన్ పరీక్ష. చేపలు తినే కొల్లేటి వాళ్ళం, మనకు ఇనుము లోపమేమిటి అనుకోవద్దు. హిమోగ్లోబిన్ బాగున్నా ఇనుము నిల్వ తక్కువుండవచ్చు. ఫెరిటిన్ 30 ఉంటే ల్యాబు కాగితం మీద నార్మల్ అనే రావచ్చు. ఈ బాధకు మాత్రం మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు, అంతకు తక్కువ ఉంటే ఇనుము ఇవ్వాలని ఆ సంఘమే చెప్పింది. మాత్రలు పడకపోతే నరానికి ఎక్కించే ఇనుమూ ఉంది. ఇనుము మాత్ర వేసుకునేటప్పుడు కాఫీ, టీ వద్దు. మన వయసులో ఇనుము తగ్గిందంటే కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందేమో కూడా చూపించుకోవాలి.

కొన్ని మాత్రలు ఈ బాధను పెంచుతాయి. జలుబుకు వాడే మత్తు మాత్రలు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక దిగులుకిచ్చే కొన్ని మందులు ఆ కోవలోవి. దిగులు మందు మీకై మీరు ఆపకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఆయుర్వేదం సీసాలతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళండి. బాధ ఏ వేళకు మొదలవుతోందో వారం రోజులు కాగితం మీద రాసి అదీ చూపించండి.