నాలుగింటి టీ



కార్యవర్గం నన్ను పిలిచినప్పుడు "సాఫ్ట్‌వేర్ రంగంలో మనవాళ్ల విజయాలు" అని విషయం ఇచ్చారు. దాని మీద నాకన్నా బాగా మాట్లాడేవాళ్లు ఈ హాల్లో వందమంది ఉన్నారు. కాసేపట్లో పాటల కార్యక్రమం పెట్టుకుని వేరే మాట ఎత్తుతున్నందుకు పెద్దలు మన్నించాలి. మా టీమ్‌లో ఒక కుర్రాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. అతని జ్ఞాపకంగా మేం చందాలు పోగుచేశాం. అందులో ఏం చేశామో, ఎక్కడ తప్పటడుగు వేశామో చెబుతాను.

గోదావరి జిల్లావాడు. నా పక్క సీటు. రోజూ నాలుగింటికి లేచి "టీకొస్తారా అన్నా?" అనేవాడు. పదిసార్లు పిలిస్తే రెండుసార్లు వెళ్లి ఉంటాను. మిగతా ఎనిమిదిసార్లూ ఏం పని చేశానో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు.

అమెరికాలో ఎవరైనా పోతే మన తెలుగు సంఘాలు ఎలా కదులుతాయో మీకు తెలుసు. రెండు రోజుల్లో డబ్బు పోగవుతుంది. ఫ్యూనరల్ హోమ్, కాన్సులేట్ కాగితాలు, విమానంలో భౌతికకాయం, అటు ఊళ్లో అంబులెన్సు, అన్నీ ఎవరో ఒకరు చూసుకుంటారు. ఆ రోజు విజ్ఞప్తి రాసే పని నామీద పడింది. కారణం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. వాళ్ల నాన్నగారికి ఫోన్ చేస్తే, "ఆ మాట రాయకండి బాబూ, ఇంట్లో పెళ్లి కావలసిన పిల్ల ఉంది" అన్నారు. "హఠాన్మరణం" అని రాశాను.

ఆ తండ్రిని తప్పుపట్టను. మనం వాడే మాటలోనే హత్య ఉంది. ప్రాణం తీసుకోబోయి బతికినవాణ్ణి నేరస్థుడిగా చూసే 309 సెక్షన్ మన శిక్షాస్మృతిలో ఇంగ్లీషువాళ్ల కాలం నుంచీ ఉండేది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం దాని కోరలు పీకింది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ సెక్షనే పోయింది. చట్టం మారినంత త్వరగా ఊరు మారదు కదా.

ఇక ఇక్కడ మనవాళ్ల ఆరాలు. వీసా అన్నారు కొందరు. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. ఆ లెక్క మనలో చాలామందికి నిద్రలోనూ వస్తుంది. కానీ అతని ఉద్యోగం పోలేదు. పెళ్లి సంబంధం అన్నారు, అప్పు అన్నారు. ఒక్క కారణం దొరికితే మనకు ఊరట, "నాకా ఇబ్బంది లేదులే" అనుకోవచ్చు. ఇలాంటి చావుకు ఒక్క కారణం ఉండదని వైద్యులు చెబుతూనే ఉన్నారు. ఎలా పోయాడని అడిగినవాళ్లకు నేను చెప్పలేదు. ఇక్కడా చెప్పను.

తప్పటడుగు అన్నాను కదా. కుటుంబం కోసం పెట్టిన చందాలోనే "మిగిలింది సేవాసంస్థకిస్తాం" అని ఒక వాక్యం చేర్చాం. మంచి ఉద్దేశమే, చిక్కంతా అక్కడే వచ్చింది. కుటుంబానికిచ్చిన డబ్బుకు పన్ను మినహాయింపు రాదు, కంపెనీ దానికి జోడీగా డబ్బు వేయదు. అమెరికా పన్ను చట్టం 501(సి)(3) కింద నమోదైన సేవాసంస్థకు నేరుగా ఇస్తేనే ఆ రెండూ కుదురుతాయి. ఇండియాలో సంస్థకు పంపాలంటే దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. రెండు చందాలనూ ఎప్పుడూ కలపకండి. మేం కలిపి, విడదీయడానికి నెలలు పట్టి, ఇచ్చినవాళ్ల ముందు తలదించుకున్నాం.

సేవాసంస్థ కోసం వేరుగా పెట్టిన రెండో చందాకి కుర్రాడి పేరు పెట్టవచ్చా అని ఈసారి వాళ్ల నాన్నగారిని ముందే అడిగాం. "పేరు వద్దు, ఇంకేదైనా పెట్టుకోండి" అన్నారు. "నాలుగింటి టీ" అని పెట్టుకున్నాం. శుక్రవారాలు ఆఫీసు వంటగదిలో అల్లం దంచి టీ కాచేవాళ్లం. పక్కన ఒక డబ్బా. మొదటి వారం మనవాళ్లే వచ్చారు. మూడో వారం, ఎప్పుడూ హలో తప్ప మాట్లాడని ఒక అమెరికన్ పెద్దాయన కప్పు పట్టుకుని నిలబడి, ముప్పై ఏళ్ల కిందట పోయిన తమ్ముడి సంగతి చెప్పాడు. టీ చల్లారిపోయింది.

ఆ డబ్బుతో "అవుట్ ఆఫ్ ది డార్క్‌నెస్" నడకకు వెళ్లాం. 1987లో మొదలైన అమెరికన్ ఫౌండేషన్ ఫర్ సూయిసైడ్ ప్రివెన్షన్ ఏటా ఊరూరా నడిపే నడక అది. అక్కడ పూసల దండలిస్తారు, రంగును బట్టి అర్థం. బిడ్డను పోగొట్టుకున్నవారికి తెలుపు, భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారికి ఎరుపు, స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవారికి ఊదా. మేమంతా ఊదా తీసుకున్నాం. మాతో వచ్చిన ఒకాయన, మన సంఘంలో పెళ్లిళ్లకీ చావులకీ ముందుండే మనిషి, ఊదాతో పాటు ఆకుపచ్చదీ తీసుకుని మెడలో వేసుకున్నారు. ఆకుపచ్చ అంటే తానే ఆ బాధ పడినవాడని. ఇరవై ఏళ్ల స్నేహం మాది. ఎవరమూ ఏమీ అడగలేదు. దారి పొడుగునా ఆయనే చెప్పుకొచ్చారు.

అలాంటి బాధలో ఉన్నవారు ఫోన్ చేయడానికి రెండు నంబర్లు రాసుకోండి. అమెరికాలో 988. 2022 జూలై నుంచి ఉంది, రాత్రీపగలూ పలుకుతుంది, దుభాషిని కూడా అడగవచ్చు. ఇండియాలో 14416, టెలీ మానస్. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. మీకు అవసరం రాకపోవచ్చు. మీ పక్క సీటు మనిషి సంగతి మీకు తెలియదు, నాకూ తెలియలేదు.

రేపు సాయంత్రం నాలుగింటికి వెనక హాల్లో టీ పెడుతున్నాం. డబ్బా ఉంటుంది. అందులో ఏమీ వేయకపోయినా ఫర్వాలేదు, రండి.