మన మెట్ల కింద కాలువ ఉంది

(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో, విజయవాడ బుడమేరు ముంపు ప్రాంతపు ఏరియా సమాఖ్య తరపున చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని మాకు ఇచ్చిన అంశం "బతకడానికి వీలైన నగరం". ఆ కాగితం చేతికొచ్చిన రోజు మా గ్రూపు మీటింగులో అందరం నవ్వుకున్నాం. ప్లాన్లు గీసేది ఇంజనీర్లు, సంతకాలు పెట్టేది ఆఫీసర్లు. మనం పదో తరగతితో ఆపేసినవాళ్ళం, కొందరమైతే గ్రూపులో చేరాకే వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నవాళ్ళం. నగరం గురించి మనమేం చెప్తాం అనుకున్నాం. తర్వాత లెక్కలు చూద్దామని అప్పుల పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర ఆగిపోయాం. ఆ పేజీ గురించే ఈ రోజు చెప్పుకోవాలి. దానికన్నా ముందు వరద గురించి చెప్పాలి.

2024 ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. సెప్టెంబరు 1 ఆదివారం, పిల్లలకు టిఫిన్లు పెట్టుకునే వేళకి వీధిలోకి నీళ్ళొచ్చాయి. వాన నీళ్ళేలే, సాయంత్రానికి పోతాయనుకున్నాం. గంట తిరిగేసరికి గడప దాటాయి, మధ్యాహ్నానికి మంచం మునిగింది. బుడమేరు డైవర్షన్ కాలువ కట్టకు గండ్లు పడ్డాయని ఫోన్లలో తెలిసింది. అదే సమయానికి కృష్ణమ్మ కూడా నిండి ఉంది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు. పెద్ద ఏరే నిండుగా ఉంటే చిన్న ఏరు నీళ్ళు అందులోకి ఎట్లా పోతాయి? మన ఇళ్ళల్లోకి వచ్చాయి.

ఆ రోజులు మీలో చాలామంది చూశారు. పాల ప్యాకెట్ల కోసం డాబా మీద నుంచి చేతులు చాపాం. పడవల్లో అన్నం తెచ్చారు, డ్రోన్లతో పొట్లాలు వదిలారు. ఊరూ పేరూ తెలియనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి సాయం చేశారు, వాళ్ళకి ఈ సభలో మరోసారి దండం పెడుతున్నాం. మా గ్రూపులో ఇద్దరి కుట్టుమిషన్లు నీళ్ళపాలయ్యాయి. ఒకావిడ కొట్లో సరుకంతా నానిపోయింది. మేము పొదుపు పుస్తకాలు మాత్రం రెండు పాల కవర్లలో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టి డాబా ఎక్కించాం. డబ్బు పోతే మళ్ళీ పోగేసుకోవచ్చు, లెక్క పోతే గ్రూపే పోతుంది కదా.

గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. గండ్లు పూడ్చాక నెమ్మదిగా నీళ్ళు తీశాయి. మా కథ ఇక్కడే మొదలైంది. మా వెనక వీధిలో నీళ్ళు పోయాయి. వాళ్ళు ఇళ్ళు కడుక్కోవడం మొదలెట్టారు. మా వీధిలో మాత్రం మోకాలి లోతు బురద నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి. రెండు వీధులూ ఒకే ఎత్తులో ఉన్నాయి, రెండింటి నీళ్ళూ పోయేది ఒకే పెద్ద డ్రైనుకి. మరి మా నీళ్ళకేమొచ్చింది? ఆ రెండు రోజుల ఆలస్యంలోనే దోమలు, వాంతులు, పిల్లల కాళ్ళకి పుండ్లు.

చివరికి పనివాళ్ళు సైడు కాలువ మీద బండలు లేపారు. మేము దగ్గరే నిలబడి చూశాం. కవర్లు, పిల్లల డైపర్లు, కొబ్బరి డొక్కలు, ధర్మాకోల్ ముక్కలు, పాత చీరలు, ఒక దిండు కూడా వచ్చింది. అవి తీసినా నీళ్ళు కదల్లేదు. ఇంటింటి ముందూ కాలువ మీద కట్టుకున్న మెట్లు, అరుగులు, బండి ఎక్కించే ర్యాంపులే అసలు అడ్డం. కొందరు కింద చిన్న పైపు వేసి పైన సిమెంటు పోశారు. కొందరు పైపు కూడా వెయ్యలేదు. వీధి పొడుగునా కాలువ ఉందనుకున్నాం గానీ, నిజానికి ఉన్నవి ముక్కలు ముక్కలు గుంటలు.

పనివాళ్ళలో ఒక పెద్దాయన ఒక ర్యాంపు మీద గునపంతో కొట్టి, "ఇదమ్మా మీ బిరడా" అన్నాడు. అది మా ఇంటి ర్యాంపే. మా ఇంటాయన ఆటో పెట్టుకోడానికి కట్టించుకున్నాం. వీధిలో అన్నిటికన్నా వెడల్పైనది అదే.

ఇప్పుడు ఆ పేజీ సంగతి. ఆ ర్యాంపు కట్టడానికి డబ్బు ఎక్కడిది? గ్రూపు అప్పే. పుస్తకంలో "ఇంటి మరమ్మతు" అని రాసి ఉంది, పక్కన పదిమంది సంతకాలు ఉన్నాయి. పేజీలు తిప్పితే అలాంటివే ఇంకో రెండు కనిపించాయి. ఒకరికి అరుగు, ఇంకొకరికి మెట్లు. నెలనెలా పొదుపు చేసిన డబ్బుతో, తీర్మానం చేసి, సంతకాలు పెట్టి, మన కాలువ మనమే పూడ్చుకున్నాం. అప్పు వాయిదా ఒక్కటి కూడా తప్పలేదు. బ్యాంకు లెక్కలో అది మంచి అప్పు. వీధి లెక్కలో ఏమిటో వరద చెప్పింది.

తప్పుగా అర్థం చేసుకోవద్దు. వరద మన మెట్ల వల్ల రాలేదు. కట్టలు గట్టిగా ఉంచడం, ఏటికి దారి వదలడం ప్రభుత్వం చెయ్యాల్సిన పెద్ద పని, అది అడుగుతూనే ఉండాలి. బుడమేరు అటు మైలవరం వైపు కొండల నుంచి వచ్చి ఇటు కొల్లేరులో కలిసే ఏరు. దాని పల్లంలో మనం ఇళ్ళు కట్టుకున్నాం. చౌకగా వచ్చింది గనక కొన్నాం, ఎందుకు చౌకో వానాకాలంలో తెలిసింది. అంత మాత్రాన ఆ చివరి రెండు రోజుల సంగతి దాచుకోలేం. అది మన పద్దు.

ఆ నెల మీటింగు మూడు గంటలు జరిగింది. మెట్లు కొట్టేద్దామనగానే గొడవ మొదలైంది. "మీరు చేసిన పనికి మా మెట్లు ఎందుకు కొట్టాలి వదినా?" అని ఒకరు అడిగారు. ఆ మాట న్యాయమే. అందుకని ముందు మా ర్యాంపు కొడతామని చెప్పాం. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ఆటో ఎక్కడ పెట్టాలని ఆయన కోపం. మూడో రోజు ఆయనే సమ్మెట తెచ్చారు.

ఒక మామ్మగారి ఇల్లు ఉంది. తాతగారికి పక్షవాతం, మెట్టు లేకపోతే ఆయన బయటికి రాలేరు. "నా మొగుణ్ణి ఇంట్లోనే పెట్టి తాళం వెయ్యమంటారా?" అని ఆవిడ ఏడ్చింది. అప్పుడు మాకు తెలిసింది, కొట్టెయ్యడం ఒక్కటే దారి కాదని. వెల్డింగు షాపుకి వెళ్ళి, ఇనప చట్రం మీద జాలీ బిగించి, పైకి లేపడానికి వీలుగా చేయించాం. బండి వెళ్తుంది, ముసలాయన నడుస్తాడు, ఎప్పుడైనా లేపి కాలువ శుభ్రం చెయ్యొచ్చు. మొదటి జాలీ మామ్మగారికే. ఖర్చు కోసం గ్రూపులో అంతర్గత అప్పు తక్కువ వడ్డీకి పెట్టాం. టిఫిన్ బండి పెట్టుకునే చెల్లెలు మొత్తం కాలువ మీదే నిలబడేది. ఆవిడ బండిని రెండడుగులు పక్కకి జరిపి, కడిగిన నీళ్ళు వడగట్టి పోసేలా ఒప్పుకుంది. ఒక ఇల్లు ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఆవిడ గ్రూపు కూడా మానేసింది. బాధగా ఉంది, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం. ఆ ఇంటి ముందు చెత్త మేమే తీస్తున్నాం.

తర్వాతది చెత్త. తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకర చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. మనం విన్నాం, వదిలేశాం. కాలువలో మన కవర్లు మనకే కనిపించాక బుద్ధొచ్చింది. తడి చెత్తతో కుండీలో ఎరువు చెయ్యడం మొదలెట్టాం. మొదటిసారి పాడుచేశాం. గంజి, చేపల తుక్కు అన్నీ పోసేశాం. పురుగులు పట్టి వీధంతా కంపు. పక్కింటావిడ వచ్చి, "ఇదేనా మీ పరిశుభ్రత?" అని దులిపేసింది. తర్వాత నేర్చుకున్నాం. కుండకి చిల్లులు ఉండాలి. కూరగాయల తొక్కలు ఒక వరస, ఎండుటాకులో కొబ్బరి పొట్టో ఒక వరస వెయ్యాలి. కాస్త పుల్లమజ్జిగ చల్లాలి, వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. చేప, మాంసం, గంజి వద్దు. రెండు నెలలకి మట్టి వాసనే వస్తుంది, కంపు రాదు. ఇప్పుడు ఆ పక్కింటావిడ గోంగూర కుండీకి ఎరువు మా దగ్గరే పట్టుకెళ్తుంది.

మనలాంటి ఆడవాళ్ళే ఇంతకన్నా పెద్ద పనులు చేశారు. ఛత్తీస్‌గఢ్‌లో అంబికాపూర్ అని ఒక పట్టణం ఉంది. అక్కడ స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకుని, కేంద్రాల్లో రకరకాలుగా వేరు చేసి అమ్ముతారు. దేశంలో శుభ్రమైన పట్టణాల్లో దానికి పేరొచ్చింది. 2019లో అక్కడ కిలో ప్లాస్టిక్ తెస్తే భోజనం పెట్టే హోటలు కూడా పెట్టారు. కేరళలో కుటుంబశ్రీ ఆడవాళ్ళు హరిత కర్మసేన పేరుతో ఇళ్ళ నుంచి పొడి చెత్త సేకరిస్తున్నారు. వాళ్ళకి అది ఆదాయం వచ్చే పని. మనకెందుకు రాకూడదని మేము అడుగుతున్నాం.

చెట్టు గురించి కూడా ఒక మాట. 1908లో హైదరాబాదులో మూసీకి పెద్ద వరద వచ్చినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒక వరద నుంచి ఒక నగరం రెండు చెరువులు నేర్చుకుంది. మన వీధి ఏం నేర్చుకుంది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మనకీ ఒకటుండాలి. మేము అంగన్‌వాడీ ముందు, కూరల బళ్ళు ఆగే చోట వేప, కానుగ మొక్కలు పెట్టాం. ఎండలో నిలబడి అమ్ముకునే ఆడమనిషికి నీడ కూడా నగరంలో భాగమే. మార్కెట్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, చీకటి పడ్డాక వెలిగే వీధి దీపం కూడా అంతే. పొద్దున్నించి నీళ్ళు తాగకుండా దాహం ఓర్చుకునే అక్కలు ఈ సభలోనే ఉన్నారు. ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇవి అడగడం దయ కోసం కాదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణలో పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితా ఉంది. నీళ్ళు, పారిశుద్ధ్యం, మురికివాడల బాగు, పార్కులు, వీధి దీపాలు అన్నీ అందులో ఉన్నాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఆ కుర్చీలో మన చెల్లెలు కూర్చోకపోతే ఇంకెవరో కూర్చుంటారు.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. ఒక రాత్రి గట్టిగా కురిసింది. మేమంతా టార్చిలైట్లు పట్టుకుని జాలీల దగ్గర నిలబడ్డాం. వీధిలో పాదం మునిగేంత నీళ్ళు నిలిచాయి, తెల్లారేసరికి తీశాయి. గండి పడితే ఈ జాలీలు ఆపలేవు, ఆ సంగతి తెలుసు. అయినా ఆ రాత్రి మామ్మగారు గుమ్మంలో కూర్చుని, "పోతున్నాయే, పోతున్నాయే" అని నీళ్ళని చూపిస్తుంటే కళ్ళనీళ్ళొచ్చాయి.

ఈ మహాసభ ముందు మేము ఒక్క కోరిక పెడుతున్నాం. ప్రతి గ్రూపూ ఇంటి మరమ్మతుకి అప్పు రాసేటప్పుడు, ఎంత కావాలి, ఎన్ని వాయిదాలు అని అడుగుతాం కదా. మూడో ప్రశ్న కూడా అడగండి: "దాని కింద నుంచి నీళ్ళు పోతాయా?" మా పుస్తకంలో ఇప్పుడు దానికొక గడి గీశాం. ఎర్ర సిరాతో రాస్తున్నాం. మీ పుస్తకాల్లోనూ ఆ గడి గియ్యండి. ఇంటికెళ్ళాక మీ గుమ్మం ముందు బండ ఒకసారి లేపి చూడండి.