గ్రామఫోను రికార్డులును, నేటి గానసాధనములును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



పుస్తకములను గూర్చి ప్రసంగింపవలసిన చోట గ్రామఫోను ప్రస్తావన యేలయని కొందఱికి తోచవచ్చును. ఈ గ్రంథాలయపు వెనుకగదిలో నొక చెక్కపెట్టె యున్నది. అందు గ్రామపెద్దలు దయతో నొసగిన పాత రికార్డులున్నవి. వానిని పాడించు యంత్రము చెడిపోయి చాలకాలమైనది. పెట్టె వలన స్థలము వ్యర్థమగుచున్నదనియు, ఆ పాటలన్నియు సెల్‌ఫోనులో దొరకుచున్నవనియు, కావున దానిని పాతసామాను కొనువానికి ఇచ్చివేయవచ్చుననియు ఒక అభిప్రాయము వినవచ్చుచున్నది. అది యుక్తమో, తొందరపాటో నిర్ణయించుటకు ముందు ఉభయపక్షముల జమాఖర్చులును చూచుట న్యాయము.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందెను. సరిగా 30 సంవత్సరములకు, 1877లో, అమెరికాలో ఎడిసన్ మనుష్యకంఠమును తగరపు రేకుపై నిలిపి తిరిగి పలికించెను. ఆ వ్యవధి వలన స్వామి గానమెట్లుండెడిదో లోకమునకు తెలియు మార్గము లేకపోయెను. శిష్యపరంపర కృతులను కాపాడినది గాని, కంఠమును కాపాడుట ఏ పరంపరకును సాధ్యము కాదు.

అన్నమాచార్యుల సంగతి యింకను విచారింపదగినది. తాళ్లపాకవారు సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండాగారములో భద్రపఱచిరి. ఆ రేకులు శతాబ్దముల తరబడి చీకటిలోనుండి 20వ శతాబ్దమున లోకుల దృష్టికి వచ్చినవి. సాహిత్యము దక్కినది. రాగము పేరు దక్కినది. పాడిన వరుస మాత్రము దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు విద్వాంసులు వానిలో పెక్కింటిని క్రొత్తగా స్వరపఱుపవలసివచ్చెను. రాగిరేకు మాటను మోయగలదు, గొంతును మోయలేదు. ఆ లోపమును తీర్చినది లక్క.

భారతము చదివినవారికి లక్క యనగనే వారణావతములోని లక్కయిల్లు స్ఫురించును. పాండవులను దహింపదలచిన దుర్యోధనునికి సాధనమైన ఆ లక్కయే గాయకులను చిరంజీవులను జేయుటకును సాధనమైనది. చెట్లకొమ్మలపై చిన్న పురుగులు స్రవించు ఆ పదార్థమును శుద్ధిచేసి, రాతిపొడియు మసియు కలిపి, వేడిమిలో మెత్తబఱచి అచ్చులో ఒత్తినచో రికార్డు తయారగును. ప్రపంచమునకు కావలసిన లక్కలో అధికభాగము భారతదేశమునుండియే పోయెడిది.

చదునైన రికార్డును 1887లో కల్పించినవాడు ఎమిల్ బెర్లినర్. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును రికార్డు చేసెను. ఆమె పాట ముగియగనే తన పేరు తానే చెప్పుకొనెడిది. నాడు రికార్డులు జర్మనీలో ముద్రణ కావలసియుండెను గనుక, అచ్చటి పనివారికి గాయని యెవరో తెలియుటకై ఈ యేర్పాటు చేసిరని చెప్పుదురు. 1908లో కలకత్తాలోనే ముద్రణశాల వెలసినది.

ఆ లక్కరికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. ఒక ప్రక్క ఇంచుమించు మూడు నిమిషముల పాటయే పట్టును. గంటసేపు రాగము విస్తరింపజాలు విద్వాంసుడు సైతము గుక్కలో ముగింపవలసివచ్చెను. ఇది ఖర్చు పద్దు. నాటకపద్యమునకు మాత్రము ఆ కొలత అమరినట్లు సరిపోయినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల పద్యములు, నాటకసమాజము అడుగిడని పల్లెలకు కూడ రికార్డుల మూలమున చేరినవి. కరుణశ్రీగారి పుష్పవిలాపమును ఘంటసాలవారి కంఠమున విని కన్నీరు పెట్టినవారిలో అక్షరజ్ఞానము లేనివారెందఱో కలరు. గ్రంథాలయము చేయవలసిన పనినే రికార్డు చేసినది. ఇది జమ.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు వినైల్ అను ప్లాస్టిక్కుతో దీర్ఘకాలపు రికార్డును వెలువరించిరి. అది నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. ప్రక్కకు 20 నిమిషములకు పైగా పాడును. క్రిందపడిన లక్కవలె ముక్కలుగాదు. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతము, ఘంటసాలవారి భగవద్గీత ఇట్టి రికార్డుల మూలముననే తెలుగు ఇండ్లలో ప్రవేశించినవి.

తరువాతి కథ వేగముగ నడచినది. 1963లో ఫిలిప్స్ కంపెనీవారి క్యాసెట్టు వచ్చెను. 1980 ప్రాంతములనుండి తెలుగు గ్రామములలో అదియే రాజ్యమేలినది. టేపు చిక్కుపడినప్పుడు పెన్సిలు దూర్చి త్రిప్పుట నాటి పిల్లలకు నిత్యకృత్యము. 1982లో సీడీ, 1990 తరువాత ఎంపీత్రీ, 2008 తరువాత స్పాటిఫై మొదలైన స్ట్రీమింగు సేవలు వరుసగా వచ్చినవి.

రికార్డునకును వీనికిని గల భేదము తెలిసికొనదగినది. రికార్డుపై గాడి ధ్వనితరంగమునకు ప్రతిబింబము. సూది ఆ గాడిలోని వంపులను అనుసరించి కంపించును, ఆ కంపనమే ధ్వనియగును. సీడీ యట్లుగాక, ధ్వనిని సెకనుకు 44,100 పర్యాయములు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఒక విధముగా అది లెక్కల పుస్తకము. ఎంపీత్రీ ఆ పుస్తకమును సంక్షేపించి, చెవి గుర్తింపజాలని భాగములను వదలివేయును.

వినైల్ శబ్దమే సర్వోత్తమమని వాదించువారు కలరు. వారి అభిరుచి వారిది. కొలతలు చూచినచో సీడీలో చిటపటలు లేవు, గురగుర లేదు, మెల్లనిదానికిని గట్టిదానికిని నడుమ అవకాశము హెచ్చు. రికార్డు పాడినకొలది అఱుగును, దుమ్ము పట్టును, ఎండకు వంగును. స్ట్రీమింగు వలన కూలిపని చేసికొను బాలిక కూడ సెల్‌ఫోనున ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు వినగలుగుచున్నది. ఒకప్పుడు గ్రామఫోను గలవారి అరుగుమీద కూర్చుండి, వారు పెట్టినపుడే వినవలసిన గతి యుండెను. ఈ సమత్వము గొప్పలాభము. దీనిని తక్కువచేసి చెప్పుట ధర్మము కాదు.

ఇక ఖర్చు పద్దు. సొంత భూమికిని కౌలు భూమికిని గల భేదము గ్రామమున ఎల్లరెఱుగుదురు. కౌలుదారు పంట అనుభవించును గాని, గడువు తీరినపుడు గట్టు దిగవలెను. స్ట్రీమింగులో వినబడు పాట కౌలుపాట. చందా నిలిచిన పాట నిలుచును. హక్కుదారునకును సేవాసంస్థకును ఒడంబడిక చెడినచో, చందా కట్టినను పాట మాయమగును. దూరమున నుండు భాండారమునకు కూడ ఆపదలు తప్పవు. మైస్పేస్ అను సంస్థలో జనులు 2003 మొదలు 2015 వఱకు భద్రపఱచిన పాటలు, యంత్రములు మార్చు సందర్భమున నశించినట్లు 2019లో బయటపడినది. ఆ పాటలు 5 కోట్లకు పైబడునని నాడు పత్రికలు వ్రాసినవి. ఒక చెదపురుగుగాని, ఒక వానచినుకుగాని లేకయే అంతటి నష్టము సంభవించినది.

సొంతముగ ఉంచుకొనవలెనను కోరిక మరల తలయెత్తుచున్నది. 2022లో అమెరికాలో సుమారు 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు అమ్ముడుపోగా, సీడీలు 3 కోట్ల 30 లక్షలే పోయినవి. 1987 తరువాత సీడీలను రికార్డులు సంఖ్యలో మించుట అదియే ప్రథమము. అయినను గానవ్యాపారపు రాబడిలో నూటికి 80 పాళ్లకు పైగా స్ట్రీమింగునుండియే వచ్చినది. లోకము కౌలుపాటనే వినుచు, ప్రియమైన దానిని మాత్రము ఇంట దాచుకొనుచున్నదని దీని తాత్పర్యము.

వెనుకగదిలోని పెట్టెను గూర్చి యిపుడు నిర్ణయింపవచ్చును. అందలి ప్రసిద్ధ గీతములు ఫోనులో దొరకుట నిజమే. కాని ఆ పెట్టెలో లేబులు చిరిగిన లక్కరికార్డు లున్నవి. గాయకుని పేరు పోయినది, పద్యము పేరు పోయినది. సెల్‌ఫోనులో దేనినైన వెదకుటకు ముందుగా దాని పేరుగాని, పలుకుగాని, ధ్వనిగాని తెలియవలెను. పేరు పోయినదానిని వెదకుట యెట్లు? వేఱొకచోట నున్నదో లేదో అడుగుట యెట్లు? అది యెవరి గొంతో, దానికి లోకమున మఱియొక ప్రతి కలదో లేదో తేల్చుటకు నమ్మదగిన సాధనము ఒకటి కలదు. సూది పెట్టి తుదివఱకు వినవలెను. విని గుర్తింపగల వృద్ధులు గ్రామమున ఇంకను కొందఱున్నారు. వారి వయస్సులను తలచినచో ఆలస్యము తగదు.

కావున కార్యవర్గమువారికి నాలుగు మనవులు. పెట్టెను విక్రయింపరాదు. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్పక, ఎండ తగులనిచోట నిలువుగా నుంచవలెను. పుస్తకముల పట్టీవలెనే వీనికొక పట్టీ వ్రాసి, లేబులుపై మిగిలిన ప్రతి అక్షరమును, ప్రతి సంఖ్యను ఎక్కింపవలెను. యంత్రమును బాగుచేయించి, లక్కరికార్డులకు వాని వెడల్పు గాడికి తగిన సూదినే వాడి, పెద్దలను పిలిచి వినిపించి, ఆ ధ్వనిని కంప్యూటరులోనికి ఎక్కించి ఒక ప్రతి గ్రంథాలయమునను, ఒక ప్రతి మఱియొకచోటను ఉంపవలెను. ఈ చివరిపనికి క్రొత్త సాధనములే శరణ్యములు. పాతది మూలప్రతి, క్రొత్తది నకలు. నకలు వలన మూలము పదిమందికి చేరును. మూలము వలన నకలునకు ప్రమాణము కలుగును. రెండింటికిని విరోధము లేదు.

రాగిరేకులను చెక్కించినవారికి అవి యెన్నడు ఎవరి కంటబడునో తెలియదు. పదిలముగ నుంచుట వఱకే తమ వంతని యెంచిరి. గ్రంథాలయమునకును అంతకుమించిన ధర్మము లేదు. స్వర్ణోత్సవము నాటికి ఆ పేరులేని రికార్డులకు పట్టీలో పేరు పడియుండుగాక.

స్వస్తి.