నెలసరి నొప్పి: చైనా ఆడవాళ్ల వంటింట్లో ఏముంది?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచీ పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు విన్నాం. ఇప్పుడు మనం గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి, నెలసరి నొప్పి. దీనికి చైనా ఆడవాళ్లు ఏం చేస్తారో చెప్పమని ఉపసంఘం నాకు అప్పజెప్పింది. చైనా సంగతి మనకెందుకు అంటారేమో. వాళ్లూ మనలాగే వరి నాటినవాళ్లు. వాళ్ల వంటింటి డబ్బాల్లో ఉన్నవి కొన్ని మన డబ్బాల్లోనూ ఉన్నాయి.

చైనా పాత వైద్యం లెక్కలో ఒంట్లో రక్తం సాఫీగా పారాలి. చలువ చేరితే పారకం ఆగి నొప్పి పుడుతుంది. అందుకే ఆ రోజుల్లో ఐసు, చల్లనీళ్లు పక్కనబెట్టి వేణ్ణీళ్లు తాగుతారు, పొత్తికడుపు మీద వేడి కాపు పెట్టుకుంటారు, రాత్రిపూట వెచ్చని నీళ్లలో పాదాలు నానబెడతారు. డాక్టర్లు కారణం వేరే చెబుతారు. గర్భసంచి లోపొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఎక్కువైతే సంచి పిండినట్టు ముడుచుకుంటుందట, నొప్పి అందుకేనట. కారణం ఏదన్నా కానీ, వేడి కాపుతో నొప్పి తగ్గుతుందని పరీక్షల్లో కూడా తేలింది. వేణ్ణీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పెట్టుకుంటే ఖర్చేమీ లేదు.

అక్కడ ఇంటింటా ఉండేది అల్లం, ఎర్ర చక్కెర నీళ్లు. ఎర్ర చక్కెర అంటే చెరకు రసం కాచి చేసేదే, మన బెల్లం లాంటిది. బొటనవేలంత అల్లం ముక్కలు కోసి, గ్లాసున్నర నీళ్లలో పది నిమిషాలు మరిగించి, చిన్న ముక్క చక్కెర వేసి వేడిగా తాగుతారు. ఎండు జుజుబీ పళ్లు కూడా వేస్తారు, అవి మన రేగుపండుకి చుట్టాలు. అల్లం మీద ఇరాన్‌లో 150 మంది విద్యార్థినులతో చేసిన పరీక్ష 2009లో అచ్చయింది. నెలసరి మొదలైన మూడు రోజులు రోజుకి నాలుగుసార్లు 250 మిల్లీగ్రాముల అల్లం పొడి ఇస్తే, మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ మాత్రలతో సమానంగా నొప్పి తగ్గింది. ఆడపిల్ల పెద్దమనిషైతే మన అమ్మమ్మలు నువ్వుల చిమ్మిలి పెట్టారు, బాలింతకి కాయం పెట్టారు. ప్రతి నెలా వచ్చే నొప్పికి మాత్రం ఓర్చుకోమనే చెప్పారు, ఎందుకో మరి.

ఇక మూలికలు. డాంగ్‌గ్వే అనే వేరు ముఖ్యం, అది కొత్తిమీర కుటుంబంలోది. దాన్ని కోడి పులుసులో ఉడికిస్తారు. దానికి ఇంకో మూడు మూలికలు చేర్చి కాచే సివూ కషాయం సుమారు 900 ఏళ్ల నాటిది. మన వినాయక చవితి మాచిపత్రికి దగ్గరి మొక్క ఒకటి ఎండబెట్టి, చుట్టలా చుట్టి, అంటించి బొడ్డు కింద సెగ చూపిస్తారు. అది ఇంట్లో చేయొద్దు, చర్మం కాలుతుంది. ఈ మూలికల పరీక్షలన్నీ కలిపి 2008లో కోక్రేన్ సమీక్ష చూసింది. ఉపశమనం కనిపిస్తోంది గానీ పరీక్షలు సరైన తీరులో జరగలేదు, గట్టిగా చెప్పలేం అంది. డాంగ్‌గ్వే గుండె జబ్బువాళ్లు వాడే రక్తం పలచబరిచే మాత్రలతో పడదు. కడుపుతో ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. ఫోన్లో చూసి తెప్పించుకోకండి.

ఇంకో సంగతి. పళ్లు, పులుసులు రక్తం పట్టిస్తాయని అక్కడా అంటారు, బెల్లం గురించి ఇక్కడా అంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి 57 మందికి రక్తహీనత ఉంది. దానికి ఐరన్ మాత్రలు మానేసి బెల్లం నమ్ముకుంటే కుదరదు.

నాకు అన్నింటికన్నా నచ్చింది కషాయం కాదు. 1950ల్లో చైనా ఉమ్మడి సేద్యపు సంఘాల్లో ఒక కట్టుబాటు వచ్చింది. నెలసరిలో ఉన్న మనిషిని తడి పొలంలోకి కాక పొడి పనికి పంపాలి, కడుపుతో ఉంటే తేలిక పనికి, పాలిచ్చే తల్లిని దగ్గరి పొలానికి. 2012 నాటి వాళ్ల నిబంధనల్లో కూడా ఆ రోజుల్లో ఆడ కార్మికుల చేత చల్లనీళ్ల పని, మరీ బరువు పని చేయించకూడదని ఉంది. మన నాట్ల ముఠాలో నొప్పితో ఉన్న పిల్లకి రెండు రోజులు గట్టు మీద పని ఇవ్వడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. ముఠాలో ఉన్నది మనమే.

చివరిగా ఒక్క మాట, ఇది మాత్రం శ్రద్ధగా వినండి. నొప్పి నెలనెలా పెరుగుతున్నా, గంటకో ప్యాడు తడుస్తున్నా, నెలసరి లేని రోజుల్లో కూడా నొప్పి ఉన్నా అల్లం నీళ్లతో సరిపెట్టుకోవద్దు. గడ్డలుండొచ్చు, ఎండోమెట్రియోసిస్ ఉండొచ్చు. ఏ.ఎన్.ఎం.కి చెప్పి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడవాళ్ల డాక్టరుకి చూపించుకోండి. 2015-16 సర్వేలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఎవరన్నా సంచి తీయించేయమంటే అప్పు అర్జీ రాసే ముందు రెండో డాక్టరుని అడగండి. తోడు కావాలంటే ఉపసంఘం నుంచి ఒకరం వస్తాం.

బయట అల్లం నీళ్లు కాచి పెట్టించాం. షుగరున్నవాళ్లకి బెల్లం వేయనిది నీలం ఫ్లాస్కులో ఉంది. తాగాకే భోజనాలకి వెళ్లండి.